ఏడీహెచ్‌డీకి హాస్టల్ మందు కాదు

నెల్లూరు, కావలి, ఒంగోలు, సింగరాయకొండ, ఎక్కడైనా సరే, ఆరో తరగతో ఏడో తరగతో చదివే పిల్లవాడు క్లాసులో కుదురుగా కూర్చోకపోతే, హోంవర్క్ సగంలో వదిలేస్తే, ఇంట్లో పెద్దవాళ్ల నోట ముందు వచ్చే మాట 'హాస్టల్లో వేయండి, దారికొస్తాడు'. కార్పొరేట్ చదువులు పుట్టి పెరిగిన ఊళ్లలో నెల్లూరు ఒకటి. అందుకని ఈ మాట ఇక్కడ ఎవరికీ వింతగా తోచదు. హాస్టల్లో బాగా చదువుకున్న పిల్లలు బోలెడంతమంది ఉన్నారు, కాదనడం లేదు. కానీ ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస, కుదురు నిలవని సమస్య ఉన్న పిల్లవాడిని తెల్లవారుజామున స్టడీ అవర్‌తో లేపి, రాత్రి దాకా అదే బెంచీ మీద కూర్చోబెట్టే చోట వేయడమంటే, వాడికి ఏ పని చేతకాదో ఆ పనినే రోజంతా చేయమనడం. చేయలేకపోతే తిట్లు, ర్యాంకుల ప్రకారం సెక్షన్ మార్చడం, ఇంటికి ఫోన్. రెండేళ్లు గడిచేసరికి వాడికి మొదట ఉన్న సమస్య అలాగే ఉంటుంది, దాని మీద 'నేను ఎందుకూ పనికిరాను' అనే నమ్మకం కూడా గట్టిపడుతుంది.

ఏడీహెచ్‌డీ పూర్తి పేరు అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్. మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా ఇది, చిన్నప్పుడే మొదలవుతుంది. లక్షణాలు రెండు గుంపులుగా కనిపిస్తాయి. ఒకటి ధ్యాస నిలవకపోవడం: చెప్పింది విన్నట్టే ఉంటుంది, మరుక్షణం గుర్తుండదు, పెన్నులు, టిఫిన్ బాక్సులు, నీళ్ల సీసాలు వారానికొకటి పోతుంటాయి, లెక్క చేయడం వచ్చి కూడా ప్లస్సును మైనస్‌గా చూసి తప్పు చేస్తారు. రెండోది కాలు నిలవకపోవడం, తొందరపాటు: ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేయడం, లైన్లో ఆగలేకపోవడం, రోడ్డుకు అటూ ఇటూ చూడకుండా పరిగెత్తడం. కొందరిలో మొదటిదే ఉంటుంది, కొందరిలో రెండోదే, చాలామందిలో రెండూ కలిసి ఉంటాయి.

ఇది ఫోన్లు వచ్చాక పుట్టిన జబ్బు అని చాలామంది అనుకుంటారు. 1902లోనే లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు, తెలివి మామూలుగానే ఉన్నా తమను తాము అదుపులో పెట్టుకోలేని పిల్లల గురించి వైద్యుల ముందు ఉపన్యాసాలు ఇచ్చాడు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ, ఇలాంటి పిల్లల్లో కొందరికి బెంజిడ్రిన్ అనే మందు ఇస్తే చదువు మీద కూర్చోగలుగుతున్నారని గమనించి రాశాడు. ఇవాళ్టికీ ఎక్కువగా వాడే మిథైల్‌ఫెనిడేట్‌ను 1944లో తయారుచేశారు. అంటే మన తాతల కాలానికే ఈ సమస్య ఉంది, దానికి మందూ ఉంది. ఫోన్ వల్ల నిద్ర చెడుతుంది, ఉన్న ఏడీహెచ్‌డీ ఇంకాస్త ముదురుతుంది, అంతవరకు నిజం. ఫోన్ లాక్కుంటే ఏడీహెచ్‌డీ పోతుందనుకుంటే మాత్రం నిరాశే మిగులుతుంది.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది, అది సబబైన ప్రశ్నే: 'రెండు గంటలు కదలకుండా గేమ్ ఆడతాడే, వాడికి ధ్యాస లేదంటే ఎట్లా నమ్మాలి?' ఏడీహెచ్‌డీలో ధ్యాస అసలే ఉండదని కాదు. చెరువులో నీళ్లు ఉన్నాయి, తూము మాత్రం రైతు చేతిలో లేదు. అవసరమైన మడికి అవసరమైనప్పుడు నీళ్లు వదలడం కుదరదు, ఒక్కోసారి అక్కర్లేని వైపు మొత్తం పారిపోతాయి. గేమ్‌లో ప్రతి క్షణం ఒక కొత్త బొమ్మ, ఒక చప్పుడు, ఒక పాయింటు, అంటే ఫలితం వెంటనే చేతికి అందుతుంది. సోషల్ పాఠం చదివితే ఫలితం మార్చిలో పరీక్షలప్పుడు వస్తుంది. మామూలు పిల్లల మెదడు ఆ దూరపు ఫలితాన్ని కొంతవరకు ఊహించుకుని పని మీద కూర్చోగలదు. ఏడీహెచ్‌డీ ఉన్న మెదడుకు దూరంగా ఉన్నది దాదాపు లేనట్టే. డోపమిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలు పనిచేసే తీరులో తేడా ఉండటం దీనికి ఒక ముఖ్య కారణమని పరిశోధకులు చెబుతారు. నుదుటి వెనక ఉండే మెదడు భాగం, అంటే ఆగడం, ఆలోచించడం, వరసపెట్టి పని చేయడం చూసుకునే భాగం, ఈ పిల్లల్లో ఆలస్యంగా ఎదుగుతుంది. 2007లో అమెరికాలో వచ్చిన ఒక స్కానింగ్ అధ్యయనంలో ఈ ఆలస్యం సగటున మూడేళ్ల దాకా ఉన్నట్టు తేలింది. పదేళ్ల వాడు ఏడేళ్ల వాడిలాగా ప్రవర్తిస్తున్నాడని తల్లి వాపోతే, ఆమె మాట అబద్ధం కాదు.

ఇక్కడ ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఇది పెంపకం తప్పు వల్ల రాదు. 'తల్లి గారాబం చేసి చెడగొట్టింది' అని అత్తగారు, 'తండ్రి పట్టించుకోడు' అని తల్లి పుట్టింటివాళ్లు, ఇట్లా ఒకరినొకరు అనుకుని నలిగిపోయిన కుటుంబాలు ఎన్నో. కవలల మీద చేసిన అధ్యయనాల ప్రకారం ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం పాత్ర 70 నుంచి 80 శాతం దాకా ఉంటుంది, దాదాపు మనిషి ఎత్తులో ఉన్నంత. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టినప్పుడు బరువు బాగా తక్కువ ఉండటం లాంటివీ అవకాశాన్ని పెంచుతాయి. కసురుకోవడం, కొట్టడం వల్ల సమస్య పుట్టదు, కానీ ఉన్న సమస్య తప్పకుండా పెద్దదవుతుంది.

ప్రపంచవ్యాప్తంగా పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. 40 మంది ఉన్న క్లాసులో ఇద్దరు అనుకోవచ్చు. ఆసుపత్రికి వచ్చేవాళ్లలో మగపిల్లలే ఎక్కువ, ఎందుకంటే వాళ్ల గోల అందరికీ వినిపిస్తుంది. ఆడపిల్లల్లో చాలామందికి ధ్యాస నిలవని రకం ఉంటుంది. కిటికీలోంచి చూస్తూ కూర్చున్న అమ్మాయి టీచరును ఇబ్బంది పెట్టదు, అందుకని ఆమెను ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లరు. 'పాపం అమాయకురాలు, కాస్త మెతక' అంటారు, పదో తరగతిలో మార్కులు తగ్గితే చదువు అబ్బలేదంటారు, ఇంటర్ తర్వాత సంబంధాలు చూస్తారు. ఈ లెక్కలో అన్యాయమైపోతున్నది ఆడపిల్లలే.

అలాగని అల్లరి పిల్లలందరికీ ఏడీహెచ్‌డీ ముద్ర వేయడం కూడా అంతే తప్పు. వ్యాధి నిర్ధారణకు చాలా దేశాల్లో వాడే నియమాలు కొన్ని ఉన్నాయి. రెండు గుంపుల్లో ఒక్కోదానికి తొమ్మిది లక్షణాలు చెప్పారు, కనీసం ఒక గుంపులో ఆరు, పదిహేడేళ్లు నిండినవాళ్లలో అయితే ఐదు, ఆరు నెలలకు తగ్గకుండా ఉండాలి. పన్నెండేళ్లలోపే కొన్ని మొదలై ఉండాలి. ఇంట్లోనూ బళ్లోనూ, రెండు చోట్లా కనిపించాలి, చదువుకో స్నేహాలకో ఇంట్లో రోజువారీ బతుక్కో దెబ్బ తగులుతుండాలి. బళ్లో మాత్రమే అల్లరి చేసి ఇంట్లో హాయిగా ఉండే పిల్లవాడి సంగతి వేరు, అక్కడ బళ్లో ఏం జరుగుతోందో చూడాలి. దీనికి రక్తపరీక్ష లేదు, మెదడు స్కానింగ్‌తో తేలదు, తలకు వైర్లు పెట్టి తీసే ఈఈజీతో తేలదు. తల్లిదండ్రులతో, టీచర్లతో మాట్లాడి, ప్రశ్నావళులు నింపించి, పిల్లవాణ్ణి దగ్గరగా చూసి నిర్ణయించాల్సిందే. పది నిమిషాల్లో తేల్చేశారంటే ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడం మంచిది.

అలా చూసేటప్పుడు ఇవేమైనా ఉన్నాయేమో అని ముందు తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. చూపు సరిగ్గా లేని పిల్లవాడు బోర్డు వైపు ఎందుకు చూస్తాడు? చెవి సరిగ్గా వినిపించనివాడు 'చెప్పిన మాట వినడు' అనిపించుకుంటాడు. రక్తహీనత, థైరాయిడ్, టాన్సిల్స్ వాచి రాత్రంతా గురకపెట్టి సరిగ్గా నిద్రపోకపోవడం, కొద్ది క్షణాలపాటు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే ఒక రకం మూర్ఛ, ఇంట్లో గొడవల వల్ల ఆందోళన, చదవడం రాయడంలో వచ్చే అభ్యసన లోపం, ఇవన్నీ ఏడీహెచ్‌డీలాగే కనిపించగలవు, దాంతోపాటు కలిసి కూడా ఉండగలవు. ఇంకో సంగతి మన దగ్గర ఎవరూ ఆలోచించరు. కెనడాలో, తైవాన్‌లో చేసిన అధ్యయనాల్లో, క్లాసులో అందరికన్నా వయసు తక్కువ ఉన్న పిల్లలకు ఈ ముద్ర ఎక్కువగా పడుతున్నట్టు తేలింది. రెండున్నరేళ్లకే నర్సరీలో చేర్చి, ఒక ఏడాది ముందుకు తోసిన పిల్లవాడు తన వయసుకు తగ్గట్టే ఉన్నాడేమో, తోటివాళ్ల వయసుకు తగ్గట్టు లేడేమో, ముందు అది చూడాలి.

చికిత్స దగ్గరికొస్తే, ఆరేళ్లలోపు పిల్లలకు మందులతో మొదలుపెట్టరు, తల్లిదండ్రులకు శిక్షణతో మొదలుపెడతారు. శిక్షణ అనగానే 'మాకా?' అని కొందరు నొచ్చుకుంటారు. తప్పు చేశారని ఇచ్చేది కాదది. ఈ పిల్లలతో మామూలు పద్ధతులు పనిచేయవు కాబట్టి వేరే పద్ధతులు నేర్పుతారు, అంతే. 'ఒరే, స్నానం చేసి, యూనిఫాం వేసుకుని, పోయి పాల ప్యాకెట్ తెచ్చి, నాయనకు టీ ఇచ్చి, బ్యాగ్ సర్దుకో' అని వంటింట్లోంచి కేకేస్తే ఈ పిల్లవాడి బుర్రలో నిలిచేది స్నానం ఒక్కటే, అదీ బకెట్ నిండేదాకానే. దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యేసి, కళ్లలోకి చూసి, ఒక్క పని చెప్పాలి. చేయగానే మెచ్చుకోవాలి, సాయంత్రం దాకా ఆగితే ఆ మెప్పుకు విలువ ఉండదు. పనులను గోడ మీద వరసగా బొమ్మలతో అంటించడం, టైమర్ పెట్టి పావుగంట చదివించి ఐదు నిమిషాలు లేచి తిరగనివ్వడం, పడుకునే వేళ మారకుండా చూడటం, ఇవి చిన్నవిగా కనిపించినా నెలల తరబడి పట్టువదలకుండా చేస్తే తేడా తెలుస్తుంది. కష్టమంతా ఆ పట్టువదలకపోవడంలోనే ఉంది, ముఖ్యంగా తల్లి ఉద్యోగానికి వెళ్లే ఇళ్లలో, తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్లలో.

బళ్లో ముందు బెంచీ, కిటికీకి తలుపుకు దూరంగా. పెద్ద పనిని ముక్కలుగా ఇవ్వడం. బోర్డు తుడవడం, పుస్తకాలు పంచడం లాంటి లేచి తిరిగే పనులు అప్పగించడం. వీటికి డబ్బు ఖర్చు లేదు, కావాల్సింది టీచరు మనసు పెట్టడం. ఇక బెత్తం సంగతి, పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. 'మీరు నాలుగు తగిలించండి సార్, మేమేం అనుకోం' అని చెప్పే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. వాళ్లు అనుమతి ఇచ్చినంత మాత్రాన అది చట్టబద్ధం కాదు. కొట్టినందువల్ల ఏడీహెచ్‌డీ ఒక్క పిసరు కూడా తగ్గదు.

మందుల గురించి ఉన్న భయమే అన్నిటికన్నా పెద్ద అడ్డంకి, కాబట్టి దీన్ని కాస్త వివరంగానే మాట్లాడుకోవాలి. ఆరేళ్లు దాటిన పిల్లల్లో, సమస్య గట్టిగా ఉన్నప్పుడు, మొదట ఆలోచించేది మిథైల్‌ఫెనిడేట్. వేసుకున్న అరగంట, గంటలో పని మొదలవుతుంది, మామూలు రకం నాలుగు గంటల దాకా, మెల్లగా విడుదలయ్యే రకం ఎనిమిది నుంచి పన్నెండు గంటల దాకా ఉంటుంది. వేసిన పిల్లల్లో సుమారు 70 శాతం మందికి గుణం కనిపిస్తుంది, వైద్యంలో ఇది చాలా మంచి లెక్క. చిన్న డోసుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. మొదలుపెట్టేముందు గుండె జబ్బులు, కుటుంబంలో చిన్న వయసు హఠాన్మరణాలు ఏమైనా ఉన్నాయేమో అడిగి, బీపీ, నాడి, ఎత్తు, బరువు చూడాలి. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం, తలనొప్పి, కడుపునొప్పి మామూలుగా వచ్చే ఇబ్బందులు. ఆకలి సంగతికి ఇంట్లో ఉపాయం ఉంది: పొద్దున మాత్రకు ముందే ఇడ్లీయో దోసెలో కడుపునిండా పెట్టేయాలి, మధ్యాహ్నం క్యారేజీ సగం తిరిగొస్తే గొడవ పడకుండా, మందు ప్రభావం తగ్గిన సాయంత్రం వేళ మళ్లీ గట్టిగా పెట్టాలి. ఎత్తు, బరువు కొన్ని నెలలకోసారి రాసుకుంటూ ఉండాలి.

'అలవాటు పడిపోతాడు, మత్తు మందంట' అనే మాట మెడికల్ షాపు దగ్గరే మొదలవుతుంది, ఎందుకంటే మన దేశంలో ఇది మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం కింద ఉంది, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు, చాలా షాపులు అసలు తెప్పించవు. దుర్వినియోగం చేసేవాళ్లను ఆపడానికి పెట్టిన నియంత్రణ అది. డాక్టరు చెప్పిన డోసులో నోటి ద్వారా వేసుకునే పిల్లలు దానికి బానిసలవుతారని, పెద్దయ్యాక వేరే మత్తులకు అలవాటు పడతారని అధ్యయనాల్లో తేలలేదు. ఇది పడనివాళ్లకు అటమాక్సెటిన్ ఉంది, దాని పూర్తి గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసి 'ఏం లాభం లేదు' అని ఆపేసేవాళ్లు ఎక్కువగా దీని దగ్గరే. క్లోనిడిన్, గ్వాన్‌ఫాసిన్ కొందరికి పనికొస్తాయి.

మందులా, శిక్షణా అనే వాదనకు అమెరికాలో 579 మంది పిల్లలతో చేసి 1999లో ప్రచురించిన పెద్ద అధ్యయనం కొంత జవాబిచ్చింది. పద్నాలుగు నెలల తర్వాత చూస్తే, జాగ్రత్తగా డోసు సరిచేస్తూ మందులు ఇచ్చిన పిల్లల్లో అసలు లక్షణాలు బాగా తగ్గాయి, మందులూ శిక్షణా కలిపి ఇచ్చినవాళ్లలో కుటుంబ సంబంధాల్లాంటి మిగతా విషయాలు కూడా మెరుగయ్యాయి, డోసు కూడా తక్కువ సరిపోయింది. ఆ గట్టి పర్యవేక్షణ ఆగిపోయాక, మూడేళ్ల నాటికి చూస్తే గుంపుల మధ్య తేడా మిగల్లేదు. మన జిల్లాల్లో చికిత్స దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. మొదటిసారి చెన్నై దాకా వెళ్లి చూపిస్తారు, తర్వాత రెండేళ్లపాటు అదే చీటీతో అదే డోసు. పిల్లవాడి బరువు పెరుగుతుంది, క్లాసు మారుతుంది, డోసు మాత్రం మారదు.

జ్ఞాపకశక్తి సిరప్‌లకు, మెదడును చురుకుచేస్తామని వేసవి సెలవుల్లో పెట్టే ఖరీదైన కోర్సులకు ఏడీహెచ్‌డీ తగ్గించే శక్తి లేదు, ఆ డబ్బు మిగుల్చుకోవడం మంచిది. స్వీట్లు మానిపిస్తే అల్లరి తగ్గుతుందన్నదీ నిలబడలేదు, అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసి 1995లోనే ఆ మాట తేల్చేశారు. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో బిడ్డ కోసం చదువు రొట్టె పట్టుకునే తల్లి నమ్మకాన్ని, ఏఎస్ పేట దర్గాలో నిద్ర చేసే కుటుంబం నమ్మకాన్ని తప్పుపట్టే పని ఎవరికీ లేదు. మొక్కు తీర్చుకుని, డాక్టరు దగ్గరికీ వెళ్లాలి. మొక్కు కోసం మందు ఆపితేనే నష్టం.

ఇక పెద్దవాళ్లు. పెద్దయితే తగ్గిపోతుందని ఒకప్పుడు వైద్యులే అనుకున్నారు. పరిగెత్తడం, ఎగరడం తగ్గుతాయి నిజమే, కానీ చాలామందిలో లోపలి అలజడి, మరుపు, తొందరపాటు అలాగే ఉండిపోతాయి. పెద్దవాళ్లలో సుమారు 2.5 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు చేసే మనిషిని ఊహించుకోండి. కొత్త చెరువు తవ్వించే రోజుల్లో, సీడు వదిలే రోజుల్లో అతనంత హుషారు ఎవరికీ ఉండదు. ఆపైన రోజూ అదే పని, మేత వేళకు వేయడం, చెక్ ట్రేలు చూడటం, నీళ్ల పరీక్ష, తెల్లవారుజామున ఏరేటర్లు ఆగాయేమో చూడటం, లెక్కలు రాయడం. నెల తిరిగేసరికి విసుగు, ఒక పొద్దు మరుపు, ఒక రాత్రి నిద్ర, పంట పోయింది. ఊరు ఊరంతా 'నిలకడ లేనోడు' అంటుంది. టంగుటూరు వైపు పచ్చి పొగాకును ఆరబెట్టే బ్యారన్ దగ్గర వేడిని గంటగంటకూ కనిపెట్టి ఉండాల్సిన రాత్రిళ్లు కూడా ఇలాంటివాళ్లకు అంతే గండం. ఒక్క పంట పోయినంత మాత్రాన ఎవరికీ ఏడీహెచ్‌డీ ఉన్నట్టు కాదు, నష్టపోయిన రైతులు లెక్కలేనంతమంది ఉన్నారు, వాళ్ల కారణాలు వేరు. ఇక్కడ చూడాల్సింది చిన్నప్పటి నుంచి ఒకే తీరు నడుస్తోందా అన్నది: బళ్లో, కాలేజీలో, ప్రతి ఉద్యోగంలో, కరెంటు బిల్లు కట్టడంలో, మాట ఇచ్చి మరిచిపోవడంలో, కోపం వచ్చిన క్షణంలో నోరు జారడంలో.

ఆడవాళ్లలో ఇది ఇంకోలా ఉంటుంది. పొయ్యి మీద పాలు పొంగిపోవడం, తాళాలు కనపడకపోవడం, సగం మడిచిన బట్టలు, రోజంతా పరుగే కానీ ఏ పనీ పూర్తికాలేదన్న బాధ, 'ఇల్లు దిద్దుకోవడం రాదు' అనే మాట ఏళ్ల తరబడి పడటం. వీళ్లు డాక్టరు దగ్గరికి వస్తే దిగులుకో ఆందోళనకో వస్తారు, వాటికే మందులు తీసుకుని వెళ్తారు, వెనక ఉన్నదాన్ని ఎవరూ అడగరు. చాలామంది పెద్దవాళ్లకు తమ సంగతి తెలిసేది పిల్లవాడిని చూపించడానికి వెళ్లినప్పుడే. డాక్టరు ఒక్కో లక్షణం అడుగుతుంటే పక్కన కూర్చున్న తండ్రి 'ఇవన్నీ నాకూ ఉండేవే' అంటాడు. అలా అన్న తండ్రిని కూడా పరీక్షించడం చికిత్సలో భాగమే, ఎందుకంటే బిడ్డకు వేళలు, క్రమం అలవాటు చేయాల్సిన మనిషికే వేళ నిలవకపోతే గోడ మీద అంటించిన చార్టు వారానికి ఊడిపోతుంది. పెద్దవాళ్లకూ ఇవే మందులు, బీపీ చూసుకుంటూ. దాంతోపాటు ఆలోచనలను, పనులను క్రమంలో పెట్టుకోవడం నేర్పే కౌన్సెలింగ్ ఉంటుంది. వాహనం నడిపేవాళ్లకు ఇది ప్రాణం మీది సంగతి కూడా. స్వీడన్‌లో జాతీయ రికార్డులు పరిశీలిస్తే, ఏడీహెచ్‌డీ ఉన్న మగవాళ్లకు మందులు వాడుతున్న నెలల్లో తీవ్రమైన రోడ్డు ప్రమాదాలు తక్కువగా జరిగినట్టు కనిపించింది. పదహారో నంబరు హైవే పక్కనే బతికే ఊళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎక్కడికి వెళ్లాలంటే, నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం అడగాలి. చాలామంది ముందు నరాల డాక్టరు దగ్గరికి వెళ్తారు, 'పిచ్చి డాక్టరు' దగ్గరికి వెళ్తే ఎవరైనా చూస్తారని. ఏడీహెచ్‌డీ చూడాల్సింది సైకియాట్రిస్టు, లేదా పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే పిల్లల వైద్యుడు. బిడ్డ ప్రభుత్వ బళ్లోనో అంగన్‌వాడీలోనో ఉంటే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు చేసే ఆరోగ్య పరీక్షల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది, టీచరు ద్వారా ఆ బృందాన్ని అడగవచ్చు. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చదవడం రాయడంలో కూడా ఇబ్బంది ఉంటే అభ్యసన లోపానికి విడిగా పరీక్ష చేయించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో అభ్యసన లోపం ఉంది, ఏడీహెచ్‌డీ విడిగా లేదు, కాబట్టి పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాటుకు ఆ సర్టిఫికెటే ఆధారం.

వెళ్లేటప్పుడు పాత ప్రోగ్రెస్ కార్డులన్నీ, టీచర్లు డైరీలో రాసిన మాటలతో సహా తీసుకెళ్లాలి. నోట్‌బుక్కులు రెండు మూడు, పుట్టినప్పటి ఆసుపత్రి కాగితాలు, కంటి, చెవి పరీక్ష రిపోర్టులు ఉంటే అవీ. పెద్దవాళ్లు తమ కోసం వెళ్తుంటే అమ్మనో అక్కనో వెంట తీసుకెళ్లడం మంచిది, ఏడేళ్ల వయసులో తాము ఎట్లా ఉండేవాళ్లమో వాళ్లే బాగా చెప్పగలరు.